అక్టోబర్‌లో రెండు శనివారాలు: అయోవా సిటీ, కాలేజ్ స్టేషన్

2024 అక్టోబర్‌లో రెండు వారాల తేడాతో రెండు కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్‌లు చూశాం. 12న అయోవా సిటీలో, 26న మా టెక్సస్‌లోనే కాలేజ్ స్టేషన్‌లో. మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మావాడు కాలేజ్ స్టేషన్‌లోనే ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో చేరేదాకా ఈ ఆట గురించి నాకు పెద్దగా తెలియదు. వాడు చేరాక ఇంట్లో శనివారాల రూపే మారిపోయింది. మావారు కూడా వాడితో కలిసిపోయారు. సరే, అంతమంది ఎందుకు వెళ్తున్నారో నా కళ్లతో చూస్తానని బయల్దేరాను.

ఒకటి ముందే చెప్పాలి. ఈ ఆట ఇప్పుడు అటూ ఇటూ ఊగుతోంది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అదే ఏడాది నుంచి ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీలో చేరి వెంటనే ఆడే వీలు వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్ ప్రకారం ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. ఆడే పిల్లలకు డబ్బు రావడం న్యాయమే, అందులో నాకు అనుమానం లేదు. వాళ్ల చెమట మీద ఇన్నేళ్లూ అందరూ బాగుపడ్డారు, వాళ్లు తప్ప. కానీ ఏడాదికొకసారి జట్టు మొత్తం మారిపోతుంటే అభిమాని దేన్ని పట్టుకుని ఉంటాడు? ఆ ప్రశ్న నా తలలో తిరుగుతూనే ఉంది.

అయోవా ప్రయాణం దసరా రోజున పడింది. సెడార్ రాపిడ్స్‌లో మా ఆడపడుచు వాళ్లు ఉంటారు. "పండగకి రండి వదినా, మ్యాచ్ కూడా చూద్దాం" అని తనే పిలిచింది. విమానం టికెట్ల దగ్గరే మొదటి చిక్కు. మ్యాచ్ తేదీ ఎప్పుడో తెలుస్తుంది గానీ, ఎన్ని గంటలకో టీవీ వాళ్లు తేలుస్తారు. అది చాలాసార్లు 12 రోజుల ముందు, ఒక్కోసారి 6 రోజుల ముందు గానీ చెప్పరు. అందుకని శుక్రవారం వెళ్లి ఆదివారం వచ్చేలా తీసుకోవడమే మంచిది. స్టేడియం దగ్గరుంటే బాగుంటుందని మొదటి రాత్రికి అయోవా సిటీ పక్కనే కోరల్‌విల్‌లో ఒక హోటల్ చూశాం. మామూలు వారాంతానికి మూడు రెట్ల పైన ధర, పైగా రెండు రాత్రులకు కట్టాలన్నారు. వదిలేసి ఆడపడుచు ఇంటికే వెళ్లాం. అక్కడి నుంచి అయోవా సిటీ అరగంట దారి. చుట్టాలు లేకపోయినా సరే, సెడార్ రాపిడ్స్‌లో ఉండడమే మేలని నా అభిప్రాయం. విమానాశ్రయం కూడా అటువైపే.

పార్కింగ్‌కి స్టేడియం వాళ్ల స్థలాల కోసం వెతకొద్దు. అయోవా యూనివర్సిటీ జట్టు ఆడే కినిక్ స్టేడియం చుట్టూ ఉన్న వీధుల్లో జనం తమ ఇంటి ముందు గడ్డిలోనే కార్లు పెట్టనిస్తారు, డబ్బు చేతికిచ్చేయడమే. మేం పెట్టిన ఇంటి పెద్దాయన కారుకీ కారుకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో అడుగులు వేసి చూపించాడు. మా పక్క కారు వాళ్లు పాతికేళ్లుగా అదే గడ్డిలో పెడుతున్నారట. వాళ్ల నాన్న పోయాక కూడా ఆ మూల చోటు వాళ్లదే. మేం తెచ్చిన పులిహోర వాళ్లు తిన్నారు, వాళ్లు కాల్చిన మొక్కజొన్న మేం తిన్నాం. మెల్‌రోజ్ అవెన్యూ పొడుగునా పొయ్యిలూ, పొగా, పసుపు నలుపు చొక్కాలూ. జాతరకు వెళ్లే దారిలా ఉంది. శాకాహారులకు అక్కడ పెద్దగా ఏమీ దొరకదు. స్టేడియంలోకి బయటి తిండి రానివ్వరు కాబట్టి కారు దగ్గరే కడుపు నింపుకోవాలి. లోపలికి కనిపించే ప్లాస్టిక్ సంచి మాత్రమే. నా మామూలు హ్యాండ్‌బ్యాగ్ మళ్లీ కారులో పెట్టి రావాల్సొచ్చింది, ఇరవై నిమిషాలు పోయాయి.

ఊరి జనాభా దాదాపు 75 వేలు, స్టేడియంలో పట్టేది దాదాపు 70 వేలు. ఈ రాష్ట్రంలో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు లేదు, వేరే ఏ పెద్ద లీగ్ జట్టూ లేదు. వీళ్లకున్నది కాలేజీ జట్లే. బయట నైల్ కినిక్ విగ్రహం ఉంది. 1939లో దేశంలోనే మేటి కాలేజీ ఆటగాడిగా హైస్మన్ ట్రోఫీ తెచ్చుకున్నాడు. 1943లో నేవీ శిక్షణ విమానం కూలి చనిపోయాడు, అప్పటికి 24 ఏళ్లు. పిల్లలు ఆ విగ్రహాన్ని తాకి లోపలికి పోతున్నారు.

ఎదుటి జట్టు సియాటిల్ నుంచి వచ్చిన వాషింగ్టన్. ఇదీ కొత్త సంగతే. పశ్చిమ తీరంలో ఎన్నో ఏళ్లు నిలిచిన పాక్-12 లీగ్ 2023లో చెదిరిపోయింది. వాషింగ్టన్, ఆరెగన్, రెండు లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు 2024లో అయోవా ఆడే బిగ్ టెన్ లీగ్‌లో చేరాయి. పేరుకి పది, ఇప్పుడు ఉన్నవి 18. దాదాపు 1,500 మైళ్ల దూరం నుంచి జట్టు వస్తుంది గానీ అభిమానులు ఎంతమంది రాగలరు? ఊదారంగు చొక్కాలు అక్కడక్కడ చుక్కల్లా కనిపించాయి. పక్క రాష్ట్రం వాళ్లు కారులో వచ్చే మ్యాచ్‌కీ దీనికీ చాలా తేడా ఉంటుందని మా వరసలో కూర్చున్నావిడ చెప్పింది. ఇంకో సంగతి, ఆ రోజు రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లూ, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాళ్లూ, వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. అయోవా కుర్రాడు కేడ్ మెక్‌నమారా అంతకుముందు మిషిగన్‌లో ఆడాడు. వాషింగ్టన్ కుర్రాడు విల్ రోజర్స్ మిసిసిపీ స్టేట్ నుంచి వచ్చాడు. మారనిది కోచ్ కర్క్ ఫెరెంజ్ ఒక్కడే, 1999 నుంచి ఉన్నాడు, మావాడు పుట్టకముందు నుంచి.

మొదటి క్వార్టర్, అంటే ఆటలో మొదటి నాలుగోవంతు, అయ్యాక జరిగింది చూడడానికే ఇంత దూరం రావచ్చు. స్టేడియం పక్కనే యూనివర్సిటీ వాళ్ల పిల్లల ఆసుపత్రి ఉంది, 2017లో తెరిచారు. పై అంతస్తుల కిటికీల్లోంచి మైదానం కనిపిస్తుంది. ఆ ఏడాదే ఒక అభిమాని ఫేస్‌బుక్‌లో ఒక మాట రాస్తే అది ఆచారమైపోయింది. ఆట ఆగుతుంది. 70 వేలమంది ఆసుపత్రి వైపు తిరిగి చేతులూపుతారు. ఆటగాళ్లు, కోచ్‌లు, రెఫరీలు, ఎదుటి జట్టు కూడా. పగటి వెలుగులో కిటికీల వెనక మొహాలు ఆనవు గానీ, ఊగే చేతులు కనిపిస్తాయి. మా ఆడపడుచు కూతురు, ఏడేళ్లది, రెండు చేతులూ ఊపుతూ "అత్తా, వాళ్లకి మనం కనిపిస్తున్నామా?" అంది. కనిపిస్తున్నాం అన్నాను. నాకు మాట సరిగ్గా రాలేదు. టికెట్ ధర, నడక, పోగొట్టుకున్న ఇరవై నిమిషాలు, ఏవీ గుర్తులేవు ఆ కాసేపు.

అయోవా 40-16తో గెలిచింది.

కాలేజ్ స్టేషన్ సంగతి వేరు. అక్కడ మాకు జరిగిన అన్యాయం ముందు చెప్తాను. ఏప్రిల్‌లోనే ఒక హోటల్‌లో గది తీసుకున్నాం. సెప్టెంబర్‌లో ఫోన్ చేసి, సిస్టంలో పొరపాటు జరిగింది, పాత ధరకి కుదరదు అన్నారు. కావాలంటే కొత్త ధర కట్టండి అన్నారు. ఎల్‌ఎస్‌యూతో (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) రాత్రి మ్యాచ్ అని తెలిశాక వచ్చిన పొరపాటది. చాలా కోపం వచ్చింది. చివరికి పాతిక మైళ్ల దూరంలో నవసోటాలో చిన్న హోటల్ దొరికింది. గది శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్ పేరుకే. కానీ అడిగిన ధరకే ఇచ్చారు, మాట తప్పలేదు. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాం. రాత్రి డ్రైవింగ్ టెన్షన్ అనుకునేవాళ్లు మాత్రం కనీసం కాలేజ్ స్టేషన్ పక్క ఊరు బ్రయన్‌లో చూసుకోండి.

శుక్రవారం అర్ధరాత్రి మిడ్‌నైట్ యెల్. మ్యాచ్ ముందు రాత్రి ఏ అండ్ ఎమ్ స్టేడియం కైల్ ఫీల్డ్‌కి వేలమంది వచ్చి, రేపు వేయాల్సిన కేకలన్నీ ఈ రోజే వేసి చూసుకుంటారు. డబ్బులేమీ కట్టక్కర్లేదు. టికెట్ దొరకనివాళ్లు ఇదొక్కటి చూసినా వచ్చినందుకు దండగ కాదు. ముందు నిలబడ్డ కొందరు విద్యార్థులు చేతులతో సైగలు చేస్తారు, దాన్ని బట్టి ఏ కేకో అందరికీ తెలిసిపోతుంది. మా పక్కనున్న తాతగారు సైగ పూర్తి కాకముందే మొదలుపెడుతున్నాడు.

మావాడి టికెట్ కథ వింటే నాకు మన ఊళ్లో రిలీజ్ రోజు సినిమా హాలు గుర్తొచ్చింది. ఆ ఏడాది విద్యార్థులు స్టేడియం ముందు టెంట్లు వేసుకుని పడుకుని, సీనియర్లు ముందు, జూనియర్లు తర్వాత చొప్పున టికెట్లు తీసుకున్నారు. వాడితో టెంట్‌లో ఉన్నవాళ్లలో గుంటూరు అమ్మాయి ఉంది, ఎమ్మెస్‌కి వచ్చి మూడు నెలలయింది. ఆటలో ఒక్క రూల్ కూడా ఇంకా తెలియదంది. కేకలు మాత్రం అన్నీ వచ్చు.

ఇక్కడి విద్యార్థులు మ్యాచ్ మొత్తం నిలబడే ఉంటారు. ఇది 1922 జనవరిలో మా డాలస్‌లో జరిగిన మ్యాచ్ నుంచి వచ్చింది. జట్టులో దెబ్బలు తగిలి మనుషులు తక్కువైతే, పైన విలేకరుల దగ్గర ఉన్న కింగ్ గిల్ అనే విద్యార్థిని కోచ్ పిలిచాడు. అతను జెర్సీ వేసుకుని మైదానం పక్కన నిలబడ్డాడు. ఆడాల్సిన అవసరం రాలేదు. ఆట అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. అతనే పన్నెండో మనిషి. అవసరమైతే మేం దిగుతాం అని చెప్పడానికే అందరూ నిలబడతారు. ఆడని మనిషికి విగ్రహం పెట్టిన స్టేడియం ఇది. ఈ యూనివర్సిటీకి జాతీయ ఛాంపియన్‌షిప్ వచ్చి 1939 తర్వాత మళ్లీ రాలేదు. 2023లో కోచ్‌ని తీసేయడానికే 7 కోట్ల డాలర్ల పైన ఒప్పుకోవాల్సొచ్చింది. అయినా లక్షమంది పైగా వస్తారు. గెలుపే కట్టిపడేస్తుందనే మాట ఇక్కడ నిలబడదు.

మూడో క్వార్టర్‌లో ఏ అండ్ ఎమ్ 17-7తో వెనకబడి ఉన్నప్పుడు కోచ్ క్వార్టర్‌బ్యాక్‌ని మార్చాడు. కానర్ వైగ్మన్ బదులు మార్సెల్ రీడ్ వచ్చాడు. ఆ కుర్రాడు బంతితో తనే పరిగెత్తి చివరి గీత దాటి మూడు టచ్‌డౌన్లు చేశాడు, 38-23తో గెలిచారు. పై అంతస్తులో అందరూ భుజాలు కలిపి ఊగుతుంటే కాళ్ల కింద కాంక్రీటు నిజంగానే కదిలింది. మావారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బయటపడి కారు రోడ్డెక్కేసరికి గంటన్నర పట్టింది. తొందరపడకుండా ఉత్తరం వైపు కాసేపు నడవండి. అక్కడ రెవెలీలని పిలిచే పాత మస్కట్ కుక్కల, అంటే యూనివర్సిటీ గుర్తుగా పెంచుకునే కుక్కల, సమాధులున్నాయి. స్టేడియం పెంచినప్పుడు అవి ఉన్న చోటి నుంచి లోపలి స్కోర్‌బోర్డు కనపడకుండా పోతే, వాటి కోసం బయట ఇంకో చిన్న స్కోర్‌బోర్డు పెట్టారు.

ఒక్క చోటికే వెళ్లగలిగితే ఎక్కడికి అని అడిగితే, చిన్నపిల్లలున్నవాళ్లకి అయోవా సిటీ చెప్తాను. కాలేజీకి వెళ్లబోయే పిల్లలుంటే కాలేజ్ స్టేషన్. భయం ఉన్నది ఒక్క విషయంలోనే. ఆటగాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు కోసం టికెట్లు, పార్కింగ్, సీజన్ సీటు కోసం ముందు కట్టే విరాళం పెంచుకుంటూ పోతే, గడ్డిలో పాతికేళ్లుగా కారు పెడుతున్న కుటుంబం ఒక ఏడాది రాదు. మరుసటి ఏడాదీ రాదు. ఆటగాడు పోతే ఇంకో ఆటగాడు వస్తాడు. ఆ మూల చోటులోకి అలాంటి కుటుంబం మళ్లీ రావాలంటే పాతికేళ్లు పడుతుంది. యూనివర్సిటీలు ఏం పెంచినా విద్యార్థుల టికెట్ జోలికి మాత్రం పోకూడదు.

వైగ్మన్ ఆ డిసెంబర్‌లోనే హ్యూస్టన్ యూనివర్సిటీకి మారిపోయాడు. మావాడి గదిలో అతని పోస్టర్ ఇంకా ఉంది. 2025 సెప్టెంబర్‌లో నోటర్‌డేమ్‌తో మ్యాచ్‌కి నలుగురు స్నేహితులతో కారులోనే ఇండియానా దాకా వెళ్లాడు, పద్దెనిమిది గంటల దారి. 41-40తో గెలిచారు. ఆదివారం మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తే వాడి గొంతు పూర్తిగా పోయి ఉంది. పక్కనున్న కుర్రాడు ఫోన్ తీసుకుని, "ఆంటీ, అందరం బానే ఉన్నాం, మెంఫిస్ దాటాం" అన్నాడు.