జపాన్ జానపద పాటల్లో ఏది మేలు: సకురా సకురానా, సోరన్ బుషినా?

జపాన్ జానపదం అనగానే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది చెర్రీ పూల పాట సకురా సకురా. ఎడో కాలపు (1868కి ముందటి) పాట, 1888లో టోక్యోలో అచ్చయిన కోటో (జపాన్ తంత్రీవాద్యం) పాఠాల పుస్తకంలో చేరింది, 1904లో ఇటలీ స్వరకర్త పుచ్చినీ తన ఒపెరా మదామా బటర్‌ఫ్లైలో ఆ బాణీ వాడుకున్నాడు. నెమ్మదిగా, అందంగా సాగుతుంది. కానీ కూర్చుని వినే పాట అది.

సోరన్ బుషి దారే వేరు. జపాన్ ఉత్తరపు దీవి హొక్కైడో పడమటి తీరంలో హెర్రింగ్ చేపలు పట్టేవాళ్ల పాట ఇది. పెద్ద వలలో చిక్కిన చేపల్ని చేతివలలతో తోడి పడవలో పోసేటప్పుడు అందరి చేతులూ ఒకేసారి కదలాలి, ఆ ఊపు కోసమే మధ్యలో "సోరన్ సోరన్", "దొక్కొయిషో" అనే కేకలు (మన బెస్తల హైలెస్సా లాగే). 1950ల్లో ఆ చేపల రాకే దాదాపు ఆగిపోయింది, పని పోయింది, పాట మాత్రం పోలేదు! 1990ల మొదట్లో అదే దీవిలోని వక్కనై ఊళ్లో ఒక బడి పిల్లలు రాక్ బాణీలో దీనికి డ్యాన్స్ చేశారు: మోకాళ్లు బాగా వంచి, నడుం దించి, వల లాగుతున్నట్టు. ఇప్పుడు దేశమంతా స్కూల్ స్పోర్ట్స్ డేల్లో అదే చేస్తారు. 1992లో హొక్కైడోలోని సప్పోరో నగరంలో మొదలైన యొసకోయ్ సోరన్ అనే డ్యాన్స్ ఉత్సవంలో ప్రతి జట్టు పాటలోనూ సోరన్ బుషి ముక్క ఉండి తీరాలి, మిగతాది వాళ్ల ఇష్టం.

నా ఓటు సోరన్‌కే. కొత్త పిల్లలు తమకు నచ్చినట్టు మార్చుకోగలుగుతున్నారు కాబట్టే అది ఇంత గట్టిగా నిలబడిందని నా నమ్మకం.