ప్రమాదకర వ్యర్థాల పీపాలు: ఆవరణలో ఉంచాలా, దుండిగల్ శుద్ధి కేంద్రానికి పంపాలా?

పటాన్‌చెరు వైపు చిన్న మందుల కంపెనీలను తరచూ వేధించే ప్రశ్న ఇది.

ఖర్చు: ఉంచితే చౌక అనిపిస్తుంది, షెడ్డు, ఇంకని గచ్చు, కాపలా ఎవరూ లెక్కలో వేసుకోరు. పంపితే రవాణా, శుద్ధి రుసుము వెంటనే కట్టాలి.

గడువు: 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం నిల్వ 90 రోజులు మించకూడదు. ఏడాదికి 10 టన్నుల లోపు వ్యర్థాలుంటే కాలుష్య నియంత్రణ మండలి 180 రోజుల దాకా పొడిగించవచ్చు. అడగాలి, దానంతట అది రాదు.

శ్రమ: ఉంచితే ఫారం 3లో (వ్యర్థాల లెక్కల పత్రం) నమోదు, ప్రతి పీపాకూ పసుపు చీటీ, దానిపై ఎర్ర అక్షరాలు, తెలుగులో కూడా. ఎండకు వెలిసిన చీటీ తనిఖీకి వచ్చినవారి కంట పడక మానదు. పంపితే ఏడు ప్రతుల మానిఫెస్టు (సరుకు వెంట వెళ్లే రవాణా పత్రం): తెల్లది మండలికి, పసుపుది మీ దగ్గర. లారీ కదిలింది కదా అని పసుపు ప్రతిని పారేసుకుంటే చిక్కే.

ప్రమాదం: ఇక్కడ నిప్పు, వాన. అక్కడ దారిలో ఒలకడం.

వ్యర్థాలు కొద్దిగానే వస్తూ, షెడ్డు గట్టిగా ఉంటే లారీ నిండేదాకా, గడువులోపే ఉంచుకోవచ్చు. మండే ద్రావకాలైనా, గోడ పక్కనే ఇళ్లున్నా సగం లారీ అయినా సరే పంపేయండి.