ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు: రెండేళ్ల వాడకం తర్వాత

ఈ టెలిస్కోపును నేను 2023 నవంబరులో కొన్నాను. గుంటూరులో మా ఇంటి డాబా మీద మబ్బు లేని రాత్రులన్నీ, సెలవుల్లో మాచర్ల అవతల నల్లమల అంచున ఉన్న మా మేనమామగారి ఊరిలో, రెండేళ్లుగా వాడుతున్నాను. చూడవచ్చిన వారందరూ మొదట అడిగేది ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందనే. దానికి జవాబు ఐపీస్‌ను (కన్ను పెట్టి చూసే చిన్న కటకాన్ని) బట్టి మారుతుంది: నా దగ్గరున్న 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 48 రెట్లు, 10 మిల్లీమీటర్లదానితో 120 రెట్లు. ఎప్పటికీ మారనిది వెలుతురును పోగుచేసే అద్దం వెడల్పు. చీకటిలో బాగా విచ్చుకున్న కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు ఉంటే ఈ అద్దం 203 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక, కంటికి అందే వెలుతురుకు ఎనిమిది వందల రెట్లకు పైగా ఇందులో పడుతుంది. కొనేవారు చూసుకోవలసిన లెక్క ఇదే.

పరికరం చాలా సాదాగా ఉంటుంది. నాలుగడుగుల గొట్టం, దాని అడుగున అద్దం, నేల మీద గుండ్రంగా తిరిగే చెక్కపీట. మోటారు లేదు, కంప్యూటరు లేదు, చేత్తో తోస్తే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. ఈ పద్ధతికి పేరు తెచ్చిన జాన్ డాబ్సన్ 1915లో బీజింగ్‌లో పుట్టి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సొసైటీలో చేరి రామకృష్ణ సంప్రదాయంలో సన్యాసిగా జీవించినవాడు. ఓడల కిటికీలలోని పాత గాజుబిళ్లలను తన చేతులతో అరగదీసి అద్దాలు చేశాడు, అట్టగొట్టాలు, ప్లైవుడ్డు ముక్కలతో టెలిస్కోపులు కట్టాడు. 1967లో మఠం విడిచిపెట్టవలసి వచ్చాక వాటిని వీధుల్లో నిలబెట్టి దారినపోయే వారందరినీ పిలిచి చంద్రుణ్ణి, శనిని చూపించాడు. విశ్వం ఎలాంటిదో తెలుసుకునే హక్కు ఏ కొందరిదో కాదని నమ్మిన మనిషి రూపకల్పన ఇది. పీటను తోసిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తుకు వస్తాడు.

అమ్మకందారు విషయంలో మాత్రం నాకు చేదు అనుభవమే మిగిలింది. రవాణాతో కలిపి అర లక్ష దాటిన వస్తువుకు అద్దాన్ని సరిచేసే మూడు మరలలో ఒకటి లేకుండానే పెట్టె వచ్చింది. ఫోను చేసిన ప్రతిసారీ రేపు పంపుతామన్నారు, ఆ మర చేతికందేసరికి పదకొండు రోజులు పట్టింది. పెట్టె విప్పగానే సామాన్ల జాబితాతో సరిచూసుకుని, విప్పుతున్నప్పుడే వీడియో తీసి ఉంచుకోవడం మంచిది.

అద్దం సర్దుకున్న మొదటి రాత్రి గొట్టాన్ని గురుగ్రహం వైపు తిప్పాను. లేత గోధుమరంగు బిళ్ల మీద రెండు ముదురు చారలు, ఇరుపక్కలా దారానికి గుచ్చిన పూసల్లా నాలుగు చుక్కలు, అవి దాని ఉపగ్రహాలు. ఏడు గంటలకు వాటిని కాగితం మీద గుర్తు పెట్టుకుని, పది గంటలకు మళ్లీ చూసేసరికి, వాటిలో గ్రహానికి అన్నిటికన్నా దగ్గరగా తిరిగే ఐయో స్పష్టంగా జరిగి ఉంది. అది ఒక చుట్టు తిరగడానికి రెండు రోజులైనా పట్టదు. గెలీలియో 1610 జనవరి 7న ఇరవై రెట్లు పెద్దదిగా చూపే చిన్న గొట్టంతో వీటిలో మూడింటిని చూసి, వారం తిరగకముందే నాలుగోదాన్ని పట్టుకున్నాడు. అన్నీ భూమి చుట్టూనే తిరుగుతున్నాయన్న నమ్మకానికి ఎదురు సాక్ష్యంగా నిలిచిన ఆ చుక్కలే నా కాగితం మీద కూడా ఉన్నాయి. ఆ కాగితాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

డిసెంబరులో పక్కింటి మామ్మగారు శనిని చూడటానికి మేడ ఎక్కారు. చాలాసేపు మాట్లాడకుండా చూసి, “ఇది లోపల అతికించిన బొమ్మ కాదు గదా నాయనా?” అని అడిగారు. మళ్లీ కన్ను పెట్టి, “మందపల్లిలో మనం నూనెతో అభిషేకం చేయించేది ఈయనకేనా!” అన్నారు. ఇంతలో గ్రహం మెల్లగా అంచుకు జరిగి కనుమరుగైంది. 120 రెట్ల దగ్గర కనిపించే ఆకాశం అర డిగ్రీ కన్నా తక్కువ కనుక, ఏ గ్రహమైనా ఆ చివరి నుంచి ఈ చివరికి నిమిషంన్నరలో దాటిపోతుంది. “ఎటో పోతున్నాడే” అని ఆవిడ కంగారుపడితే, “ఆయన కాదు మామ్మగారూ, భూమితో పాటు మనమే తిరుగుతున్నాం” అని చెప్పాను. ఆవిడ చెయ్యి చాచి పిట్టగోడ పట్టుకున్నారు. మోటారు లేకపోవడం లోపమని రాసేవారితో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఆ క్షణమే. భూభ్రమణాన్ని బడిలో చదివాను కానీ, దాన్ని ఈ గొట్టంలోనే చూశాను.

అదే శని 2025 నవంబరులో గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. వలయాలు దాదాపు అంచు మీదుగా మనవైపు తిరిగి ఉండటంతో, నిమ్మపండుకు దబ్బనం గుచ్చినట్టు ఒక సన్నని గీత మాత్రమే కనిపించింది. సుమారు పదిహేనేళ్లకు ఒకసారి ఇలా జరుగుతుంది. గెలీలియో 1610లో శనికి రెండు పక్కలా చూసిన ఉబ్బెత్తు భాగాలు 1612లో మాయమైనప్పుడు ఆయనకు కారణం అంతుపట్టలేదు. గ్రహాన్ని ఎక్కడా తాకని పలుచని వలయం ఒకటి చుట్టూ ఉందని, అది ఒక పక్కకు ఒరిగి ఉండటం వల్లే ఈ మార్పులని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1659లో వివరించేదాకా దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. రెండేళ్లలో రెండు రూపాలనూ చూశాక, ఆ తికమక ఎంత న్యాయమైనదో నాకు అర్థమైంది.

సౌరకుటుంబం అవతలి వస్తువుల కోసం ఊరు దాటక తప్పదు. గుంటూరు వీధి దీపాల మధ్య ఓరియన్ (వేటగాడు) నక్షత్రమండలంలోని నీహారిక, అంటే వెలిగే వాయుమేఘం, ఒక్కటే తృప్తిగా కనిపిస్తుంది. మేనమామగారి పొలంలో పాలపుంత మధ్య నల్లటి పాయలు కూడా కంటికి ఆనతాయి. అక్కడ పిల్లలకోడి (కృత్తికల గుంపు) మొత్తం ఐపీస్‌లో పట్టదు, సగం సగంగా చూసుకోవాలి. ఉత్త కంటికి ఆరు కనిపించే చోట పదులకొద్దీ నీలిచుక్కలు ఉంటాయి. ఆండ్రోమెడా గెలాక్సీ విషయంలో ముందే హెచ్చరించాలి: ఫొటోలలోని రంగులూ సుడులూ ఏ ఐపీస్‌లోనూ రావు, నడుమ కాస్త చిక్కబడిన దూది తునకలా ఉంటుంది, అంతే. అయినా నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది దాన్నే. అది మన పాలపుంతలోని మేఘమా, మరో లోకమా అని 1920 నాటికి కూడా పండితులు వాదించుకున్నారు. కాంతి హెచ్చుతగ్గుల కాలాన్ని బట్టి నక్షత్రపు అసలు వెలుగును లెక్కగట్టే సూత్రాన్ని ఖగోళ శాస్త్రవేత్త హెన్రియెటా లెవిట్ అందించాక, అలా వెలుగు మారే నక్షత్రం ఒకదాన్ని 1923లో మరో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ అందులో గుర్తించి, అది పాలపుంతకు అవతలిదని తేల్చాడు. ఇప్పటి లెక్క ప్రకారం దాని దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. మన జాతి మనిషి భూమి మీద పుట్టకముందే బయలుదేరిన వెలుతురు పొలంగట్టు మీద నా కంట్లో పడుతోంది.

ఇబ్బందులు లేకపోలేదు. గొట్టం, పీట కలిపి ఇరవై కిలోలకు పైనే, మేడమెట్లు రెండు విడతలుగా ఎక్కాలి. ఫైండర్‌లో (గురి చూసుకునే చిన్న టెలిస్కోపులో) దృశ్యం తలకిందులుగా కనిపించడం వల్ల మొదటి నెలంతా తడబాటే. అద్దం బయటి గాలికి అలవాటు పడేందుకు అరగంట ఇవ్వాలి. మా వైపు ఉక్కపోతకు పీట చెక్క ఉబ్బుతుంది కనుక, వానాకాలమంతా సిలికా జెల్ పొట్లాలు వేసి మూతపెట్టి ఉంచుతాను. సూర్యుడి విషయంలో రాజీ లేదు. గొట్టం ముందువైపు సరైన ఫిల్టరు బిగించకుండా అటు తిప్పి చూస్తే క్షణంలో చూపు పోతుంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి మా గుంటూరు వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను వర్ణపటంలో పరిశీలించి, గ్రహణం లేని రోజుల్లోనూ వాటిని చూసే పద్ధతి కనిపెట్టాడు. ఆ గ్రహణంతో మొదలైన పరిశీలనలే హీలియం గుర్తింపుకు దారితీశాయి. ఆ ఊరివాణ్ణే అయినా ఫిల్టరు లేకుండా పగటిపూట మూత తీయను, పిల్లలను ఒంటరిగా దీని దగ్గర వదలను.

పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికీ, పల్లెలోని బడికీ దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. ఫొటోలు తీయాలనుకునేవారికి ఇది పనికిరాదు. కొనదలచినవారు వానలు వెనకబడ్డాక, అక్టోబరు చివర తెప్పించుకుంటే ఆకాశం వెంటనే అందుతుంది. చేతిలో ఇంకొంత డబ్బు మిగిలితే ఒక మంచి ఐపీస్ మీద, ఎత్తు మార్చుకోగల స్టూలు మీద పెట్టండి, నిలబడి వంగి చూసిన కన్ను పది నిమిషాల్లో అలసిపోతుంది.