స్ఫింక్సా, ఎంకేడాక్సా, పీడాకా? మా రొయ్యల లెక్కల ప్యాకేజీకి ఏది మేలు?

ఇందుకూరుపేట వైపు ఒక ల్యాబ్‌లో పనిచేసే తమ్ముడు ఒకరోజు ఫోన్ చేశాడు. "అన్నా, మేత లెక్క ఏందో తేడాగా ఉండాది. యాభై కౌంట్ కొడితే రెండింతల పైన చూపిస్తా ఉంది."

తప్పు అతనిది కాదు, మాది. నెల్లూరులో ముగ్గురం కలిసి, ఉద్యోగాలు చేసుకుంటూనే, రొయ్యల గుంటల లెక్కలకు ఒక పైథాన్ ప్యాకేజీ రాసుకొస్తున్నాం. మేత ఫంక్షన్ మొదట్లో కౌంట్ తీసుకునేది. తర్వాత దాన్ని గ్రాముల్లో సగటు బరువుకు మార్చాం. చేత్తో రాసిపెట్టిన వివరణ పేజీలో మాత్రం పాత ఉదాహరణే ఉండిపోయింది. యాభై కౌంట్ అంటే కిలోకు 50 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. పేజీ చూసి అతను 50 అని కొడితే, ప్రోగ్రాం దాన్ని 50 గ్రాములనుకుంది. లక్ష రొయ్యలున్న గుంటలో 2 టన్నుల సరుకు కాస్తా 5 టన్నులైంది. అతను అనుభవమున్నవాడు కాబట్టి పట్టుకున్నాడు. ఆ అంకె నమ్మి మేత చల్లి ఉంటే తినగా మిగిలింది అడుగున కుళ్లి, అమ్మోనియా పెరిగి, గుంటే పాడయ్యేది.

ఇలాంటి వివరణ పేజీలను, అంటే డాక్యుమెంటేషన్‌ను, కోడ్ నుంచే పుట్టించాలని ఆరోజే నిర్ణయించుకున్నాం. ఆ పని చేసే స్ఫింక్స్, ఎంకేడాక్స్, పీడాక్‌లలో ఏ పనిముట్టుతో అన్నది తేలడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ముందు పీడాక్ సంగతి చెప్పేస్తాను. ఇన్‌స్టాల్ చేసి ప్యాకేజీ పేరిస్తే చాలు, డాక్‌స్ట్రింగ్‌లన్నీ (కోడ్‌లోనే ప్రతి ఫంక్షన్ కింద రాసే వివరణలు) చక్కటి పేజీలుగా వస్తాయి, సెట్టింగుల ఫైలు కూడా అక్కర్లేదు. మీది నాలుగైదు ఫంక్షన్ల చిన్న మాడ్యూల్ అయితే ఇక్కడే ఆగిపోండి, మిగతావి చదవనక్కర్లేదు. మాకు ఫంక్షన్ల జాబితాతో పాటు "గుంట నీళ్లు ఎప్పుడు పరీక్షించాలి, ఏ అంకె ఎక్కడ వేయాలి" అని వరుసగా చెప్పే పాఠాలు కూడా కావాలి. అందుకు పీడాక్ చాలదు.

ఇక అసలు పోటీ స్ఫింక్స్‌కీ ఎంకేడాక్స్‌కీ మధ్యే. స్ఫింక్స్‌ను జార్జ్ బ్రాండల్ పైథాన్ భాష సొంత డాక్యుమెంటేషన్ కోసం తయారుచేసి 2008లో విడుదల చేశాడు. ఎంకేడాక్స్ 2014లో టామ్ క్రిస్టీ మొదలుపెట్టింది. మొదటిది రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో రాయమంటుంది, రెండోది మార్క్‌డౌన్‌లో; రెండూ శీర్షికలు, లింకులు గుర్తులతో రాసే పద్ధతులే. ఈ తేడా ఒకప్పుడు పెద్దదే. స్ఫింక్స్‌కు మైస్ట్ అనే అదనపు భాగం తగిలిస్తే అందులోనూ మార్క్‌డౌన్ రాసుకోవచ్చు కాబట్టి ఇప్పుడు దీన్నిబట్టి ఎంచుకోవాల్సిన పని లేదు.

అసలు తేడా కోడ్‌ను చదివే తీరులో ఉంది. స్ఫింక్స్‌లోని ఆటోడాక్ అనే భాగం మీ మాడ్యూల్‌ను నిజంగా ఇంపోర్ట్ చేసి, నడిపించి, డాక్‌స్ట్రింగ్‌లు తీసుకుంటుంది. మా ప్యాకేజీలో పీహెచ్ ప్రోబ్‌ను సీరియల్ పోర్ట్ నుంచి చదివే భాగం ఒకటుంది. పేజీలు తయారుచేసే (బిల్డ్) సర్వర్‌లో ఆ పోర్ట్ చదివే లైబ్రరీ లేక మొదటిరోజే బిల్డ్ పడిపోయింది. అలాంటి లైబ్రరీల స్థానంలో ఉత్తుత్తివి నిలబెట్టే సెట్టింగ్ స్ఫింక్స్‌లో ఉంది, దాంతో గట్టెక్కాం. ఎంకేడాక్స్‌తో వాడే ఎంకేడాక్‌స్ట్రింగ్స్‌కు ఈ గొడవే లేదు. దాని లోపలి గ్రిఫ్ అనే భాగం కోడ్‌ను నడపకుండా పాఠంలాగా చదువుకుంటుంది.

గ్రిఫ్ చేసే మరో మేలు నన్ను బాగా ఆకట్టుకుంది. డాక్‌స్ట్రింగ్‌లో రాసిన పారామీటర్ (ఫంక్షన్‌కు ఇవ్వాల్సిన విలువ పేరు) ఫంక్షన్‌లో లేకపోతే హెచ్చరిస్తుంది. స్ట్రిక్ట్ పద్ధతిలో బిల్డ్ చేస్తే ఆ హెచ్చరికకే బిల్డ్ ఆగిపోతుంది. కౌంట్ పోయి సగటు బరువు వచ్చిన మా తప్పు సరిగ్గా ఇలాంటిదే! స్ఫింక్స్ ఫంక్షన్ సంతకాన్ని (దాని పేరు, పారామీటర్ల వరుస) కోడ్ నుంచి సరిగానే తెస్తుంది గానీ, కింద వివరణలో పాత పేరు ఉన్నా పట్టించుకోదు. దానికి పైడాక్‌లింట్ లాంటి తనిఖీ పనిముట్టు విడిగా పెట్టుకోవాలి.

ఉదాహరణల విషయంలో రెండూ సమానమే. వివరణలోని ఉదాహరణలను నడిపి జవాబు సరిచూసే డాక్‌టెస్ట్ 2001 నుంచి పైథాన్‌లోనే ఉంది, పైటెస్ట్ అనే పరీక్షల పనిముట్టుతో నడపొచ్చు, డాక్యుమెంటేషన్ పనిముట్టు ఏదైనా ఒకటే. మా అమ్మోనియా ఫంక్షన్‌లో 30 డిగ్రీలు, పీహెచ్ 8 ఇస్తే మొత్తం అమ్మోనియాలో విష రూపంలో ఉన్నది సుమారు 7.4 శాతం అని రాశాం. అదే వేడిలో పీహెచ్ 8.5 అయితే 20 శాతం దాటుతుంది. ఎవరైనా సూత్రాన్ని కదిలిస్తే ఈ అంకెలు తప్పి పరీక్ష ఎర్రబడుతుంది. ఏ పనిముట్టు ఎంచుకున్నా ఇది మాత్రం మానొద్దు.

డాక్‌స్ట్రింగ్‌లు ఏఐతో రాయిస్తే సరిపోతుంది కదా అని మాలో ఒకరు అన్నారు, ప్రయత్నించాం. అదే ఫంక్షన్‌కు "పీహెచ్, ఉష్ణోగ్రత తీసుకుని అమ్మోనియా శాతం ఇస్తుంది" అని నున్నగా రాసిచ్చింది. అబద్ధం కాదు. కానీ ఆ సూత్రం 1975లో ఎమర్సన్ బృందం మంచినీళ్లకు ఇచ్చినదనీ, ముత్తుకూరు, కోట వైపు ఉప్పునీటి గుంటల్లో అది అసలు కంటే కాస్త ఎక్కువ చూపిస్తుందనీ మా కోడ్‌లో ఎక్కడా రాసిలేదు. రాసిలేనిది అది చెప్పలేదు. ల్యాబ్ వాళ్లకు కావాల్సింది ఆ ఒక్క ముక్కే. ఖాళీ డాక్‌స్ట్రింగ్‌లకు చట్రం వేయించుకోవడానికి ఏఐ పనికొస్తుంది, "ఎందుకు", "ఎక్కడ వాడకూడదు" అన్నవి రాసినవాడే రాయాలి.

ఇక తెలుగు. ఇక్కడే తక్కెడ అటూ ఇటూ ఊగింది.

వెతుకులాటలో ఎంకేడాక్స్‌దే పైచేయి. దానికి తగిలించే మెటీరియల్ అనే థీమ్ (పేజీల రూపం) సర్చ్ భాషల్లో తెలుగు ఉంది. స్ఫింక్స్ జాబితాలో లేదు. అంతకంటే పెద్ద చిక్కు, స్ఫింక్స్ మాటలను విడగొట్టే నియమం యూనికోడ్ అక్షరాలనే లెక్కలోకి తీసుకుంటుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు ఆ కోవలోకి రావు. దాంతో "మేత" అన్న చిన్న మాట కూడా ముక్కలైపోతుంది.

అనువాదంలో మాత్రం స్ఫింక్స్‌కు సాటి లేదు. ఇంగ్లీషు పాఠాన్ని పేరాలుగా గెట్‌టెక్స్ట్ అనే అనువాద ఫైళ్లలోకి తీస్తుంది, పక్కన మనం తెలుగు రాసుకుంటాం. రేపు ఇంగ్లీషు మారితే పాత తెలుగు 'ఫజ్జీ' (సరిచూడాలి) ముద్రతో పక్కకు పోయి, తిరగరాసేదాకా ఆ చోట ఇంగ్లీషే కనిపిస్తుంది. ఎంకేడాక్స్‌లో ప్లగిన్ పెట్టి భాషకో ఫైలు రాసుకోవాలి. ఇంగ్లీషు ఫైలు మారినా తెలుగు ఫైలు ఏమీ తెలియనట్టు పాత మాటే చెబుతుంది. ఫోన్ చేసిన తమ్ముడు చదివింది తెలుగు పేజీయే. తెలుగులో పాత తప్పు కంటే ఇంగ్లీషులో కొత్త నిజం నయం.

పీడీఎఫ్ కూడా మాకు ముఖ్యం. గుంట కట్ట మీద సిగ్నల్ నమ్మలేం, అందరూ వాట్సాప్‌లో పంపమంటారు. స్ఫింక్స్ తనంతట తానే లేటెక్ అనే అచ్చుకూర్పు వ్యవస్థ ద్వారా పీడీఎఫ్ ఇస్తుంది. తెలుగుకు జీలేటెక్ ఇంజిన్, తెలుగు ఫాంట్ పేరు సెట్టింగుల్లో పెట్టుకోవాలి, లేకపోతే అక్షరాలే రావు. ఎంకేడాక్స్‌కు దీనికి మళ్లీ ప్లగిన్ వెతుక్కోవాలి.

రేపటి సంగతీ చూశాం. మెటీరియల్ తయారుచేసిన మార్టిన్ డోనాథ్ బృందం 2025 నవంబరులో జెన్సికల్ అనే కొత్త పనిముట్టును ప్రకటించి, మెటీరియల్‌ను మరమ్మతుల దశకు పరిమితం చేసింది. ఉన్న సైట్లు వెంటనే ఆగిపోవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం దీన్ని తెలుసుకుని దిగాలి.

మేం స్ఫింక్స్ తీసుకున్నాం. మైస్ట్‌తో మార్క్‌డౌన్, పైడాక్‌లింట్ కాపలా, హెచ్చరిక వస్తే బిల్డ్ ఆగిపోయే సెట్టింగ్, ప్రతి మార్పుకూ రీడ్ ద డాక్స్ అనే హోస్టింగ్ సైట్‌లో కొత్త బిల్డ్. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు అది ఉచితమే. మీ పాఠకులు ఒకే భాష వాళ్లయి, పీడీఎఫ్ అక్కర్లేకపోతే నేను ఎంకేడాక్సే తీసుకోమంటాను. ఒక సాయంత్రంలో పని అయిపోతుంది, రాస్తుంటేనే పేజీ పక్కన మారుతూ కనబడుతుంది.

వెతుకులాట లోటు మాకు ఇంకా ఉంది. ప్రస్తుతానికి స్ఫింక్స్ గ్లాసరీలో కౌంట్, మేత, సీడ్, పట్టుబడి, ఉప్పుశాతం అని ల్యాబ్ వాళ్లు వాడే మాటలన్నీ చేర్చి, ఒక్కోదాని నుంచి దాని ఫంక్షన్‌కు లింకు ఇస్తున్నాం. కౌంట్ దగ్గర మొదటి వాక్యం ఇది: "ఈ ఫంక్షన్‌కు కౌంట్ ఇవ్వకండి, 1000ని కౌంట్‌తో భాగించి వచ్చిన గ్రాములు ఇవ్వండి."