అడవి పుట్టగొడుగు పేరు తేల్చడానికి ఏది మేలు: ఫోన్ యాపా, స్పోర్ ప్రింటా, మైక్రోస్కోపా, డీఎన్‌ఏనా?

గొడుగు కింద రేకులున్న పుట్టగొడుగు దొరికితే మొదట చేయాల్సింది స్పోర్ ప్రింటే, అంటే రేకుల నుంచి రాలే స్పోర్ల (విత్తనాల్లాంటి సన్నని పొడి) అచ్చు తీయడమే. మిగతావన్నీ దాని తర్వాతే.

యాప్ క్షణాల్లో పేరు చెబుతుంది. కానీ చాలామంది దానికి చూపించేది గొడుగు పైభాగమే. అసలు ఆధారాలు కిందుంటాయి: రేకులు కాడకు అంటుకున్నాయా, కాడకు ఉంగరం ఉందా, కాడ అడుగున సంచి ఉందా. పుట్టగొడుగును పీకితే ఆ సంచి మట్టిలోనే తెగి ఉండిపోతుంది. కత్తితో చుట్టూ తవ్వి తీయాలి. ఈ భాగాలన్నీ ఫోటో తీసినా యాప్ చెప్పిన పేర్లు పరిశీలించాల్సిన జాబితా మాత్రమే.

స్పోర్ ప్రింట్‌కు బాగా విచ్చుకున్న గొడుగు కావాలి. మొగ్గలు, వాడిపోయినవి పొడి రాల్చవు. కాడ కోసేసి, రేకులు కిందికి వచ్చేలా గాజుపలక మీద ఉంచి గిన్నె బోర్లించండి. గొడుగు పొడిబారితే పైన ఒక్క నీటిచుక్క చాలు. 4 నుంచి 12 గంటల్లో పొడి రాలుతుంది. కాగితం కన్నా గాజు మేలు: తెల్లకాగితం మీద తెల్లపొడి కనబడదు, గాజు కింద నల్లదీ తెల్లదీ మార్చి చూడొచ్చు.

రేకుల రంగును మాత్రం నమ్మకండి. లేత వరిగడ్డి పుట్టగొడుగుకూ, ప్రాణాంతకమైన డెత్ క్యాప్‌కూ రేకులు తెలుపే, అడుగున సంచీ ఉంటుంది. ప్రింట్ మొదటిదానికి గులాబీ, రెండోదానికి తెలుపు. ఈ రెంటినీ పొరబడి తిని మనుషులు చనిపోయారు. డెత్ క్యాప్ విషం వండినా పోదు, లక్షణాలు సాధారణంగా 6 గంటలు దాటాకే మొదలవుతాయి. పచ్చిక మైదానాల్లో మొలిచే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే పుట్టగొడుగు రేకులు మొదట తెల్లగానే ఉంటాయి, ప్రింట్ ఆకుపచ్చగా వస్తుంది. అగారికస్ పుట్టగొడుగుల ప్రింట్ చాక్లెట్ గోధుమ, గలేరినా రకాలది తుప్పు రంగు.

ప్రింట్ తెచ్చేది ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గరికే. కార్టినేరియస్ అనే ప్రజాతిలో ఎన్నో జాతులకు అదే తుప్పు రంగు. అక్కడ మైక్రోస్కోప్ కావాలి: ఆకారానికి 400 రెట్లు, పైపొర గరుకుకు నూనె చుక్కతో 1000 రెట్లు. కొలిచే స్పోర్లు ప్రింట్ నుంచే తీసుకోండి. రేకు గీకితే ముదరనివీ కలిసి కొలత చిన్నదిగా వస్తుంది.

డీఎన్‌ఏలో ఐటీఎస్ భాగాన్ని 2012లో శిలీంధ్రాల జాతిని గుర్తించే ప్రామాణిక బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు. కానీ దగ్గరి జాతులు కొన్నింటిని అది విడదీయలేదు, పోల్చి చూసే డేటాబేస్‌లో తప్పు పేర్లూ ఉంటాయి. నమూనా, ప్రింట్ దాచకుండా డీఎన్‌ఏకు పంపితే వచ్చిన జవాబు సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు.

తినడానికి మాత్రం వీటిలో ఏదీ అనుమతి పత్రం కాదు. జాతి తేలకపోతే ప్రజాతి పేరు, ప్రింట్ రంగు, పక్కనున్న చెట్టు పేరు రాసి, ఎండబెట్టిన నమూనాతో పాటు ఉంచండి.