జాగ్రత్త: పెట్టె మీద వాట్లు చూసి ఆఫీసు గదికి లైట్లు కొనకండి

ఇంట్లో ఒక గదిని ఆఫీసుగా మార్చుకుని దానికి లైట్లు కొనబోతున్నవారు ఇది చదివాక బజారుకు వెళ్ళండి. నేను 1,770 రూపాయలకు కొన్న లైట్లు చివరికి నా చేత 5,730 రూపాయలు వదిలించాయి. కళ్ళమంట, తలనొప్పి ఇందులో కలపలేదు.

మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. లేసు ఆర్డర్లు చూసుకుంటాను. వ్యాపారి ఇచ్చిన నమూనా, దారం తెచ్చి చుట్టుపక్కల ఆడవాళ్ళకు పంచడం, అల్లిక పూర్తయ్యాక లెక్క చూసుకోవడం, ఫోటోలు తీసి పంపడం, సరుకు అప్పగించడం నా పని. ఇన్నాళ్ళూ హాల్లో మంచం మీదే సాగింది. పోయిన ఏడాది వెనక గదిలో బల్ల, కంప్యూటర్ పెట్టుకున్నాను. ఆ గది కిటికీ అవతల కొబ్బరి చెట్లు, వాటి వెనక రొయ్యల చెరువు గట్టు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల మునిమాపులా ఉంటుంది. అంచులు నల్లబడిన పాత ట్యూబులైటు ఒకటి ఉండేది. దాని చోకు రోజంతా కీచురాయిలా రొద పెట్టేది. దాన్ని తీయించేసి కొత్త లైట్లు వేయిద్దామని పక్క పట్టణంలో ఒక దుకాణానికి వెళ్ళాను. దుకాణం పేరు, లైట్ల కంపెనీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అదీగాక ఈ తీరు ఆ ఒక్క కొట్టుకే పరిమితం కాదు.

"ఎన్ని వాట్లు కావాలండీ?" అని అడిగారు. పదిహేను అన్నాను. పదిహేనే ఎందుకో నాకే తెలియదు, అంతకుముందు ఎవరో అంటుంటే విన్నాను. 280 చొప్పున నాలుగు ప్యానెల్ లైట్లు, 650 పెట్టి ఒక టేబుల్ ల్యాంపు తీసుకున్నాను. "రెండేళ్ళ గ్యారంటీ అక్కగారూ, పోతే తెచ్చివ్వండి, కొత్తది ఇచ్చేస్తాం" అన్నాడు కుర్రాడు. బిల్లు అడిగితే జీఎస్టీ అదనంగా పడుతుందన్నాడు. బిల్లుకు బదులు ఒక్కో ప్యానెల్ వెనక స్కెచ్ పెన్నుతో ఆ రోజు తేదీ వేసి ఇచ్చాడు. పన్ను డబ్బులు మిగిలాయని నేనూ సంతోషపడ్డాను. ఆ తప్పు నాదే.

బిగించిన రోజు గది తెల్లగా మెరిసిపోయింది. అత్తయ్యగారు వచ్చి చూసి "ఆసుపత్రిలా ఉందే" అన్నారు. నేను మెప్పుగా తీసుకున్నాను.

నాలుగో రోజుకే సాయంత్రానికి కణతలు లాగడం మొదలైంది. కంప్యూటర్ వల్ల అనుకున్నాను. ఆ వారమే వ్యాపారికి పంపిన ఫోటోల్లో లేసు మీద అడ్డంగా నల్లటి చారలు వచ్చాయి. ఫోను పాడైందనుకుని వీధరుగు మీదికి తెచ్చి తీస్తే శుభ్రంగా వచ్చింది. అప్పుడు అనుమానం లైట్ల మీదికి మళ్ళింది.

ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే భాగం లోపల ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. అది ఆ ఊపును సరిగా చదును చేయకపోతే ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు హెచ్చుతూ తగ్గుతూ వెలుగుతుంది. చదును చేసే కెపాసిటర్‌కు ఖర్చవుతుంది కాబట్టి చవక సరుకులో దాన్ని చిన్నది వేస్తారు, లేదా అసలు వేయరు. ఆ మిణుకు మనకు కనబడదు, కానీ కన్ను, మెదడు దాంతో రోజంతా కుస్తీ పడుతూనే ఉంటాయి. దుకాణంలోనే పట్టుకోవాలంటే ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి వెలుగుతున్న లైటు వైపు తిప్పండి. వెలుతురు గుండెలా కొట్టుకుంటే ఆ లైటు వద్దు. స్లో మోషన్ లేని ఫోనైతే లైటు కింద పెన్సిల్‌ను వేళ్ళ మధ్య గబగబా ఊపండి. ఒక పెన్సిల్ నాలుగైదు ముక్కలుగా విడివిడిగా కనిపించినా అదే జబ్బు. అర నిమిషం పని. నేను ఆ అర నిమిషం పెట్టలేదు.

అసలు దెబ్బ రంగులో తగిలింది. మీగడ రంగులో 40 టేబుల్ రన్నర్లు, అంటే బల్ల మీద పొడుగ్గా పరిచే గుడ్డలు, కావాలని ఆర్డర్. దారం రెండు విడతలుగా వచ్చింది. రెండో విడత దారం దంతపు రంగుది, అంటే కాస్త పసుపు తక్కువ. రాత్రి ఆ లైట్ల కింద ఉండలు పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. పంచేశాను. అల్లిక పూర్తయి వ్యాపారి పగటి వెలుతురులో పరిచి చూస్తే 22 వేరే రంగు. తిప్పి పంపారు. అల్లినవాళ్ళ తప్పేముంది? ఒక్కోదానికి 180 చొప్పున 3,960 రూపాయల కూలి నా చేతి నుంచే ఇచ్చాను. ఆ 22 రన్నర్లు ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి.

రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపించే గుణానికి సీఆర్‌ఐ అని ఒక కొలత ఉంది. సూర్యకాంతిని 100గా తీసుకుని లెక్కిస్తారు. మామూలు గదికి 80 దాటితే చాలు. రంగులతో పని ఉన్నవారికి, అంటే బట్టలు, దారాలు, బొమ్మలు, ఫోటోలు చూసేవారికి, 90 పైన ఉండాలి. నా లైట్ల పెట్టె మీద ఆ అంకె లేనే లేదు. తమ సరుకుకు మంచి అంకె వచ్చి ఉంటే కంపెనీవాళ్ళు దాన్ని దాచుకోరు.

మరో సంగతి తర్వాత తెలిసింది. బాగా తెల్లగా కనబడాలని దారానికి ఒక రసాయనం పట్టిస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే ఆ తెలుపు మెరుస్తుంది. మామూలు ఎల్‌ఈడీలో ఆ కిరణాలు దాదాపు ఉండవు. అందుకని ఎంత ఖరీదైన ఎల్‌ఈడీ కిందైనా తళతళలాడే తెలుపు, ముడి తెలుపు కలిసిపోవచ్చు. ఇందులో దుకాణదారుడి తప్పు లేదు. ఇప్పుడు రంగు తేల్చుకోవడం ఎప్పుడైనా పొద్దున్నే వీధరుగు మీదే.

అయిదో వారంలో ఒక ప్యానెల్ సగం చీకటైపోయింది. మా ఇంటికి మొదటి నుంచీ వైరింగు చేసే బాబాయిగారిని పిలిచాను. ఆయన దాన్ని విప్పి, చూసి, నవ్వారు. "పదిహేను వాట్లని రాశాడా అమ్మా?" అని తన మీటరు పెట్టి చూపించారు. తొమ్మిది. లోపల రేకు పలచగా ఉండి వేడి బయటికి పోక వెలుగిచ్చే ఎల్‌ఈడీ గింజలు మాడిపోయాయట. మా ఊళ్ళో ఇంకో కష్టం ఉంది. రాత్రిళ్ళు చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు తెల్లవార్లూ తిరుగుతాయి, దాంతో వోల్టేజి కుంగిపోతుంది. పెట్టె మీద 100 నుంచి 300 వోల్టుల దాకా తట్టుకుంటుందని ఉంది. మీటరులో 175 చూపిస్తుండగానే నా ప్యానెళ్ళు కళ్ళార్పడం మొదలుపెట్టాయి. ఆయనింట్లో మంచి డ్రైవర్ ఉన్న లైటు అదే లైను మీద అదే సమయానికి నిలకడగా వెలుగుతోంది.

లైటు ఆర్పాక కూడా ప్యానెళ్ళు సన్నగా వెలుగుతున్నాయని అదీ దుకాణం ఖాతాలోనే వేయబోయాను. బాబాయిగారు ఒప్పుకోలేదు. మా స్విచ్చి కరెంటు తెచ్చే ఫేజ్ వైరుకు కాక కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్‌కు ఉందట. అది మా ఇంటి లోపమే, సరిచేశారు.

పురుగుల సంగతీ చెప్పాలి. వరి చేల మధ్య ఉండేవారికి పచ్చదీపపు పురుగుల గురించి నేను చెప్పక్కర్లేదు. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం పాలు పెరుగుతుంది. నా ప్యానెళ్ళ 6500 కెల్విన్ తెల్లదనానికి అవి మరీ ఎగబడతాయి. ప్యానెల్ అంచుల్లో సందులుండటంతో లోపలికి దూరి చచ్చి, పది రోజుల్లో తెల్లటి ప్లాస్టిక్ వెనక నల్లగా పేరుకున్నాయి. ఉన్న వెలుతురు ఇంకా తగ్గింది.

పాడైన ప్యానెల్ పట్టుకుని దుకాణానికి వెళితే కుర్రాడు లేడు, యజమాని ఉన్నారు. మా గదుల చెమ్మకు స్కెచ్ పెన్ను గీత అలికినట్టయింది. "ఇది మా చేతిరాత కాదండీ" అన్నారు. బిల్లు ఏది అని అడిగారు. బిల్లు ఎందుకు ఇవ్వలేదో మీ కుర్రాణ్ణి అడగండి అన్నాను. అతను మానేశాడన్నారు. ఇంకేం మాట్లాడతాను?

ఇంటికొచ్చి పెట్టెను మొదటిసారి శ్రద్ధగా చదివాను. తయారీదారు చిరునామా లేదు, తయారైన నెల లేదు. ప్యాకెట్టులో అమ్మే సరుకు మీద ఇవి, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు తప్పనిసరి. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర మాత్రం బ్రహ్మాండంగా ఉంది, దాని కింద "ఆర్" అక్షరం, ఎనిమిది అంకెలు. ఎల్‌ఈడీ లైట్లకు ఆ సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి, ఆ ఎనిమిది అంకెలు ఆ నమోదు నంబరే. బీఐఎస్ కేర్ అనే ఉచిత యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో, ఏ వస్తువుకు ఇచ్చారో కనబడుతుంది. నా నంబరు ఫోను ఛార్జర్లు చేసే మరెవరిదో. కొట్లో నిలబడి ఈ పని చేసి ఉంటే అక్కడే బయటపడేది.

ఇక కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు అడగండి. వాట్లు కరెంటు ఎంత తాగుతుందో చెబుతాయి, వెలుతురు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు. మంచి ఎల్‌ఈడీ వాటుకు 100 ల్యూమెన్ల చుట్టుపక్కల ఇస్తుంది. రాసుకునే, చదువుకునే బల్ల మీద 300 నుంచి 500 లక్స్ వెలుతురు పడాలి, లక్స్ అంటే ఒక చోట ఎంత వెలుతురు పడుతోందో చెప్పే కొలత. ఫోనులో లక్స్ కొలిచే యాప్‌లు కచ్చితంగా చెప్పవు కానీ పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి. నాలుగు ప్యానెళ్ళూ వేసినా నా బల్ల మీద 130 చూపించింది. తెలుపు విషయంలో ఆఫీసు గదికి 4000 కెల్విన్ నా కంటికి హాయిగా ఉంది. 6500 ఎక్కువ వెలుగనిపించే భ్రమ తప్ప, సాయంత్రం ఆరు దాటాక దాని కింద కూర్చోవడం శిక్షే.

లైటు మంచిదైనా చోటు తప్పితే లాభం లేదు. నా ప్యానెళ్ళలో రెండు సరిగ్గా నా వీపు వెనక పడ్డాయి. నా నీడే నా చేతిపని మీద, వాటి మెరుపు కంప్యూటర్ తెర మీద. ఇప్పుడు బల్లను కిటికీకి పక్కవాటుగా తిప్పాను. కుడిచేతివాటం కాబట్టి ల్యాంపు ఎడమవైపు పెట్టాను. సీలింగుకు బిల్లుతో కొన్న రెండు లైట్లే ఉన్నాయి, సీఆర్‌ఐ 90వి. ఖరీదు ఒక్కోటి 600 దాటింది. ఫోటోల్లో చారలు లేవు.

డబ్బు చెల్లించింది యూపీఐలో కాబట్టి ఆ రసీదు ఫోనులో ఉంది. బిల్లు లేదని ఊరుకోకుండా దాన్ని, పెట్టె ఫోటోలను పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. ఫిర్యాదు నమోదైంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోళ్ళకు అక్కడ రుసుము ఉండదు, ఉన్న ఊరి నుంచే వేసుకోవచ్చు. నాలుగు రోజుల తర్వాత దుకాణం నుంచి ఫోను వచ్చింది. టేబుల్ ల్యాంపు తిరిగి తీసుకుని 650 ఇస్తామన్నారు, ప్యానెళ్ళ గురించి మాట్లాడలేదు. నాలుగింటికీ ఇస్తే వస్తానన్నాను.

బాబాయిగారు పశువుల పాకలో వేసుకుంటానని మిగిలిన మూడు ప్యానెళ్ళు అడిగారు. ఫిర్యాదు తేలేదాకా ఇవ్వనన్నాను. పెట్టెలతో సహా అటక మీద ఉన్నాయి, వీపున అలికిపోయిన తేదీతో.