ఆన్‌లైన్ స్టోర్‌కి వీడియో యాడ్స్ చేయించుకుంటున్నారా, డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

సొంతంగా చిన్న ఆన్‌లైన్ స్టోర్ నడుపుకుంటూ వీడియో యాడ్స్ బయట చేయిద్దాం అనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. ఏజెన్సీ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే ఇలా చేసేవాళ్లు ఆ ఒక్కళ్లే కాదు.

నేను భుజానికి తగిలించుకునే బ్యాగులు అమ్ముతా. ఫొటో యాడ్స్‌తో అమ్మకాలు ఒకచోట ఆగిపోయాయి, వీడియో పెట్టు కదులుతుంది అని తెలిసినవాళ్లందరూ అంటుంటే ఒక ఏజెన్సీతో మాట్లాడా. మూడు వీడియోలు తీసిస్తాం, యాడ్స్ నడపడం కూడా మేమే చూసుకుంటాం అన్నారు, శాంపిల్స్ చూపించారు, చాలా బావున్నాయి, సగం అడ్వాన్స్ పంపేశా. రెండు బ్యాగులు కొరియర్ చేస్తానంటే "అక్కర్లేదండీ, ఫొటోలు చాలు" అన్నారు. అక్కడే ఆగాల్సింది నేను. వస్తువు చేతిలో లేకుండా దాని వీడియో ఎలా తీస్తారు?

వారంలో ఫైల్స్ వచ్చేశాయి, మ్యూజిక్ హుషారుగా ఉంది, ఫోన్‌లో ఒక్కసారి చూసి ఓకే అనేశా. యాడ్ మొదలయ్యాక కొన్నాళ్లకి ఒక కస్టమర్ మెసేజ్ పెట్టారు, "వీడియోలో జిప్‌కి ఇత్తడి రింగ్ ఉంది కదండీ, నాకొచ్చిన బ్యాగ్‌కి తాడు ముడి ఉంది, వేరేది పంపారు" అని. వీడియో ఓపెన్ చేసి ఆ షాట్ దగ్గర ఆపి చూశా. నిజమే. మా జిప్‌లన్నిటికీ నల్ల తాడు ముడే ఉంటుంది. లోపలి లైనింగ్ మాది బూడిద రంగు, వీడియోలో నీలం. అసలది మా బ్యాగే కాదు! ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా కంపెనీది యాడ్ లైబ్రరీ అని ఉంటుంది, ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు, ఏ పేజీ ఏ యాడ్స్ నడుపుతోందో అందులో కనిపిస్తుంది, అక్కడ వెతికితే అదే షాట్ ఇంకో స్టోర్ యాడ్‌లో దొరికింది. వాళ్లు కాపీరైట్ కంప్లైంట్ పెడితే యాడ్ ఆగిపోతుంది, చెడ్డపేరు వచ్చేది నా స్టోర్‌కి. ఆ కస్టమర్‌కి డబ్బులు వెనక్కిచ్చేశా, క్షమాపణ కూడా చెప్పా, వాళ్ల తప్పేం ఉంది పాపం.

అడిగితే ఏజెన్సీవాళ్లు రిపోర్ట్ పంపారు, ఇన్ని వేల వ్యూస్ వచ్చాయి చూడండి అని. ఈ వ్యూస్ సంగతి అందరూ అర్థం చేసుకోవాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్ రిపోర్టుల్లో 3 సెకన్ల ప్లే అనే లెక్క ఉంటుంది, వేలు స్క్రీన్ మీద కాస్త ఆగితే చాలు అందులో పడిపోతుంది, నాకు పంపింది అదే. థ్రూప్లే అని ఇంకో కాలమ్ ఉంటుంది, వీడియో చివరిదాకా చూసినా లేదా కనీసం 15 సెకన్లు చూసినా అందులోకి వస్తుంది, దాన్ని రిపోర్ట్‌లోంచి తీసేశారు. పట్టుబట్టి అడిగితే పంపారు, మొదటిదాంట్లో చిన్న ముక్క అంతే, ఆర్డర్లు ఇంకా తక్కువ. 2016లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది, 3 సెకన్లలోపు చూసినవాళ్లని లెక్కలోంచి వదిలేసి సగటు చూసిన సమయం ఎక్కువ చేసి చూపించామని. అంత పెద్ద కంపెనీ లెక్కే అలా తప్పినప్పుడు, ఎవరో పంపిన స్క్రీన్‌షాట్‌ని గుడ్డిగా నమ్మకండి.

జనం ఎందుకు ఆగలేదో వీడియో చూస్తే తెలుస్తుంది. మొదటి 3 సెకన్లూ లోగో గిరగిరా తిరుగుతుంటుంది, బ్యాగ్ కనపడేసరికి చూసేవాళ్లు కిందకి వెళ్లిపోయారు. సౌండ్ ఆపి చూసేవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు, ఆఫర్ రాసిన లైనేమో రీల్స్‌లో పేజీ పేరు, బటన్ల కింద దాక్కుంది. ఫోన్‌కి సరిపోయే నిలువు సైజు, అంటే 9:16లో ఇచ్చారు కానీ అడ్డంగా ఉన్న వీడియోని సాగదీసి ఇచ్చారు.

ఇంకోటి, యాడ్స్ వాళ్ల అకౌంట్లోంచే నడిపారు, నేను ఆపేయగానే ఏ యాడ్ ఎలా పనిచేసిందనే వివరాలన్నీ వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. మీ యాడ్ అకౌంట్ మీ పేరు మీదే పెట్టుకుని వాళ్లకి పార్ట్‌నర్ యాక్సెస్, అంటే అందులో పనిచేసే అనుమతి మాత్రం ఇవ్వండి చాలు.

మిగతా సగం నేను ఇవ్వలేదు. ఎడిట్ చెయ్యని అసలు ఫుటేజ్ పంపితే ఇస్తానన్నా, "అది మా పాలసీ కాదు" అన్నారు. అసలు తీస్తే కదా పంపడానికి. ఇప్పుడు కిటికీ పక్కన పెట్టి ఫోన్‌తో నేనే తీస్తున్నా, బ్యాగ్‌లో ఏం పడుతుందో మొదటి సెకన్ నుంచే చూపిస్తున్నా. కొంచెం వణుకుతోంది కానీ ఉన్న వస్తువే కనిపిస్తోంది, వేరేది పంపారు అనే మెసేజ్ మళ్లీ రాలేదు.

మీరు బ్యాగులు అమ్మేవాళ్లయితే ఎవరైనా చూపించే శాంపిల్స్‌లో ఈ షాట్ ఉందేమో చూసుకోండి: చెక్క టేబుల్ మీద నీలం లైనింగ్ బ్యాగ్, ఇత్తడి రింగ్ పట్టుకుని జిప్ లాగుతున్న కుడిచెయ్యి, బొటనవేలి గోరు మీద ఎర్రరంగు ఒక మూల ఊడిపోయి ఉంటుంది.